పెట్టానని చెప్పిన వంతు

నా తమ్ముడు పెద్దవాడయ్యాక నన్ను ఒకే ఒక్కసారి ఒక పని అడిగాడు. సరేనన్నాను. చేశానని కూడా చెప్పాను. కానీ చేయలేదు.

మాది సిరిసిల్ల. మా బాపు సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు; నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. ఆ చప్పుడులో రోజుకు పన్నెండు గంటలు నిలబడి నిలబడి నలభై ఏళ్లు దాటేసరికి బాపుకు చెవులు మందగించాయి. ఇంట్లో అందరం అరిచినట్టే మాట్లాడుకునేవాళ్లం. తమ్ముడు మాత్రం అరిచేవాడు కాదు. బాపుకు ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వెళ్లి కూర్చుని, పెదవుల కదలిక కనబడేలా నెమ్మదిగా చెప్పేవాడు. వాడు చెప్పింది బాపుకు ప్రతిసారీ అర్థమయ్యేది. మేము అరిచింది సగమే అర్థమయ్యేది.

వాడు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. అవ్వ బీడీలు చుడుతూ కూర్చుంటే వాణ్ణి చంకనేసుకుని తిప్పింది నేనే. ఆ తరువాత నేను లెక్కల టీచరునై చెన్నూరులో ప్రభుత్వ బడిలో చేరాను. పెళ్లయి అక్కడే ఉండిపోయాను. బాపు పోయాడు. తమ్ముడు డిగ్రీ రెండో ఏడాదిలో మానేసి, కరీంనగర్లో ఒక స్నేహితుడితో కలిసి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. ఆ స్నేహితుడిది గాజుల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు. నన్ను సొంత అక్కలాగే అక్కా అని పిలిచేవాడు. దుకాణానికి వచ్చిన వాళ్లతో మాట్లాడేది అతను, వెనక గదిలో కూర్చుని మరమ్మతు చేసేది మావాడు.

క్రిప్టో అనే మాట నేను మొదట విన్నది వాడి నోటనే. అందరికీ తెలిసిన పెద్ద నాణెం కాదు వాడిది. ప్రపంచం మొత్తం మీద కొన్ని వేల మంది వాడే ఒక చిన్న నెట్‌వర్క్. దాన్ని నడిపే కంపెనీ అంటూ ఏదీ లేదు. వాడు దాంట్లో పడింది డబ్బు కోసం కాదని చెబితే ఎవరూ నమ్మరు. నేను నమ్ముతాను, ఎందుకంటే మా బళ్లో వాడు దాని గురించి పిల్లలకు చెప్పడం చూశాను.

ఒక శనివారం చెన్నూరు వచ్చినప్పుడు, తొమ్మిదో తరగతిలో నా పీరియడ్ ఉంటే రమ్మన్నాను. పిల్లలందరినీ నోటుపుస్తకం తీయమన్నాడు. ఫలానా పిల్ల ఫలానా పిల్లకు రెండు పెన్సిళ్లు ఇచ్చింది, ఆమె ఇంకొకరికి ఒకటి ఇచ్చింది, ఇలా చెబుతూ పోతే నలభై మందీ నలభై పుస్తకాల్లో అదే రాసుకున్నారు. తరువాత ఒక అబ్బాయిని లేపి, నీ పుస్తకంలో దొంగలెక్క రాయి అన్నాడు. ఆ అబ్బాయి నవ్వుతూ రాశాడు.

"ఇప్పుడు వీడు రాసింది నమ్ముదామా, మిగిలిన ముప్పై తొమ్మిది పుస్తకాలు నమ్ముదామా?" అని అడిగాడు.

"ముప్పై తొమ్మిది, సార్."

"గంతే. గిదే మా నెట్‌వర్క్. ఎవ్వల్ని నమ్మాల్సిన పని లేదు. అందరి పుస్తకాలు చూసుకుంటే సరిపోతది."

అప్పుడు వాడి ముఖం చూడాల్సింది. దుకాణం వెనక గదిలో తల వంచుకుని కూర్చునే మనిషి, నల్లబల్ల ముందు రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు. బాపు ఉంటే బాగుండునని ఆ రోజు నాకు అనిపించింది.

రాఖీ కట్టినప్పుడు అందరు తమ్ముళ్లూ చీర పెడతారు. మావాడు నా ఫోన్‌లో ఒక ఖాతా తెరిచి, ప్రతి సంవత్సరం కొన్ని నాణేలు వేసేవాడు. "అవసరం పడ్డప్పుడు చూసుకో అక్కా, లేకుంటే అట్లనే ఉండనీయ్" అనేవాడు. నేను అట్లాగే ఉండనిచ్చాను. నాలుగైదేళ్లలో అవి ఒక మోస్తరు మొత్తమయ్యాయి.

సిరిసిల్లలో మా ఇంటి మేడ మీద రేకుల గదిలో వాడు మూడు కంప్యూటర్లు పెట్టాడు. ఆ నెట్‌వర్క్ లెక్కల పుస్తకాన్ని కాపాడే వేలాది కంప్యూటర్లలో అవి మూడు. వాటి ఫ్యాన్లు రాత్రీ పగలూ తిరిగేవి. అవ్వ మొదటిరోజు మెట్లెక్కి చూసి, "బాపు పోయినంక సప్పుడు వోయిందనుకుంటే మల్ల సాంచ పెట్టినవారా కొడకా" అంది. కానీ ఆమెకు ఆ చప్పుడు బాగానే ఉన్నట్టుండేది. మధ్యాహ్నాలు ఆ గది గుమ్మం దగ్గరే కూర్చుని బీడీలు చుట్టేది.

లాక్‌డౌన్లు అయిపోయిన తరువాత ఒక బతుకమ్మ పండక్కి నేను సిరిసిల్ల వెళ్లినప్పుడు వాడు దిగులుగా ఉన్నాడు. ఏమైందని అడిగితే చెప్పాడు. ఆ పుస్తకాన్ని కాపలా కాసే కంప్యూటర్ల వాళ్లకు నెట్‌వర్కే కొంత ప్రతిఫలం ఇస్తుంది. కొన్నేళ్లకోసారి అది సగమవుతుంది, మొదటి నుంచీ ఉన్న నియమమే. ఈసారి సగమయ్యేసరికి కరెంటు ఖర్చు కూడా రావడం లేదు. కాపలా కాసేవాళ్లు ఒక్కొక్కరే కంప్యూటర్లు ఆపేసి వెళ్లిపోతున్నారు.

"పోతే ఏమైతది?" అన్నాను.

"బళ్లె చెప్పిన గద అక్కా. నలభై పుస్తకాలల్ల ముప్పై వోయినయనుకో. పదే మిగిలినయ్. ఎవడో ఒకడు ఇంకో పదకొండు కిరాయికి తెచ్చి దొంగలెక్క రాసిండనుకో. అప్పుడు ఏది నిజం? వాడు రాసిందే నిజమైతది."

"మరి కాపలావాళ్లకు అందరూ కలిసి ఇంకొంచెం ఇస్తే సరిపోదా?"

నవ్వాడు. "గదే చిక్కు. కాపలా ఉంటే ఇచ్చినోనికి రక్షణే, ఇయ్యనోనికి గూడ రక్షణే. ఇగ ఎవడిస్తడు? ప్రతోడు పక్కోడు ఇస్తడులే అనుకుంటడు."

దానికీ ఒక ఉపాయం ఆలోచించారు. ఏ దేశంలోనో ఉన్న కొందరు, మావాడు కలిసి మూడు నెలలు ఫోన్‌లోనే చర్చించి తయారుచేశారు. నెట్‌వర్క్‌లోనే ఉమ్మడి పెట్టె లాంటిది ఒకటి పెడతారు. ఎవరికి తోచినన్ని నాణేలు వాళ్లు అందులో వేయాలి. గడువులోపు అనుకున్న మొత్తం నిండితే, అది సంవత్సరం పాటు కాపలా కాసే వాళ్లకు పంచబడుతుంది. నిండకపోతే ఎవరివి వాళ్లకు దానంతటదే తిరిగి వెళ్లిపోతుంది. గడువు ముగిసేదాకా, వేసినవి ఎవరైనా వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఒక్క పైసా పోదు. నేనొక్కణ్ణే ఇచ్చి మోసపోతానేమోనన్న భయం ఎవరికీ ఉండక్కర్లేదు.

లెక్కల టీచరుగా నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. ఇందులో ఓడిపోవడమనేదే లేదు అన్నాను. "గందుకే నాకు నిద్ర వడ్తలేదు అక్కా, గింత మంచిగుంది" అన్నాడు.

మన వైపు ఆ నెట్‌వర్క్ వాడేవాళ్లు నలభై మంది దాకా ఉండేవారు. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల. చాలామందికి దాన్ని పరిచయం చేసింది మావాడే. వాళ్లందరినీ కలవడానికి స్నేహితుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని బండి మీద తిరిగాడు. జగిత్యాల పోతూ కొండగట్టు దగ్గర ఆగి, మావాడు గుట్టెక్కి అంజన్నకు కొబ్బరికాయ కొట్టి వస్తే, స్నేహితుడు కింద హోటల్లో చాయ్ తాగుతూ తరువాత కలవాల్సిన వాళ్లకు ఫోన్లు చేశాడట. అందరూ మర్యాదగానే మాట్లాడారు. మంచి పని అన్నారు. చివరికి మాత్రం ఒకే మాట అడిగారు. మిగిలినవాళ్లు ఇస్తున్నారా అని.

నన్ను వాడు ఫోన్‌లో అడిగాడు. బళ్లో మధ్యాహ్న భోజనం సమయం, పిల్లలు పళ్లాలు కడుగుతున్న చప్పుడు.

"అక్కా, నీ దగ్గరున్నయ్ గద, అండ్ల సగం పెడ్తవా? అన్నీ వద్దు. సగం. నిండితే సాలు, నిండకుంటే వాపస్ వస్తయ్."

"గంత మాటకు అడుగాల్నా? నువ్విచ్చినయే గద. పెడ్తా."

"ఎట్ల పెట్టాల్నో నీ ఫోన్‌కు పంపిన. రెండుసార్లు నొక్కుడే."

ఆ సాయంత్రం ఫోన్ తీశాను. వాడు పంపిన పద్ధతి తేలికగానే ఉంది. ఒక్కసారి నొక్కాను. నిజంగా పంపమంటారా అని అడిగింది. ఆ వారం ఆ నాణెం ధర పెరుగుతోంది. ఈ కాపలా ప్రయత్నం సంగతి తెలిసి పెరిగిందని తరువాత వాడే చెప్పాడు. ఇన్ని ఉన్నాయా నా దగ్గర అనుకున్నాను. నాకు అప్పట్లో ఏ అవసరమూ లేదు. ఇల్లు ఉంది, జీతం ఉంది, జబ్బులు లేవు. మా ఆయనను అడగనైనా లేదు. అయినా రేపు చూద్దాంలే అని ఫోన్ పక్కన పెట్టాను. ఎందుకు పెట్టానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండును. లేదు. నాది చిన్న వంతు, ప్రపంచంలో అన్ని వేల మంది ఉన్నారు, నేను లేకపోయినా నిండుతుందిలే అనుకున్నాను. అంతే.

మరునాడు కూడా రేపే అయింది. ఆ తరువాత పరీక్ష పేపర్లు దిద్దే పని పడింది. వారం తరువాత వాడు ఫోన్ చేశాడు. అవ్వ మోకాళ్ల నొప్పి సంగతి, చలి సంగతి మాట్లాడాక అడిగాడు.

"పెట్టినవా అక్కా?"

"ఆఁ, పెట్టిన."

అనాలని అనలేదు. చేతిలో ఎర్రసిరా పెన్ను ఉంది, ముందర పేపర్ల కట్ట ఉంది, ఆ మాట దానంతటదే వచ్చేసింది. ఈ ఫోన్ పెట్టగానే పెట్టేస్తే అబద్ధం కాదులే అనుకున్నాను కూడా.

అటువైపు కాసేపు ఏమీ వినబడలేదు. తరువాత, "మంచిది అక్కా" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

నేను పెట్టలేదు.

గడువు ఒక ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు ముగుస్తుంది. ఆ రోజు ఏదో పెళ్లికి కరీంనగర్ వెళ్లి, భోజనాలయ్యాక వాళ్ల దుకాణానికి పోయాను. షట్టర్ సగం దించి ఇద్దరూ లోపల కూర్చుని ఉన్నారు. తెర మీద ఒక గీత. నిండిన మేరకు ఆకుపచ్చ, మిగిలింది తెలుపు. మూడు గంటలకు కొద్దిగా తెలుపు ఉంది. నాలుగున్నరకు కూడా అంతే తెలుపు ఉంది. స్నేహితుడు ఎవరెవరికో ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. "జర చూడుండ్రి భాయ్, అరగంటే ఉన్నది." మావాడు ఎవరికీ చేయలేదు. గీత వైపు చూస్తూ కూర్చున్నాడు. తన దగ్గరున్నవన్నీ మొదటిరోజే వేసేశాడు.

నా సంచీలో ఫోన్ ఉంది. అప్పుడైనా తీసి నొక్కవచ్చు. కానీ పెట్టానని చెప్పాను కదా, ఇప్పుడు వాళ్ల ముందు తీస్తే ఏమనుకుంటారు. బయటికి వెళ్లి చేద్దామా అనుకున్నాను. నీళ్ల సీసా కొనుక్కొస్తానని లేచాను కూడా. స్నేహితుడు "నేను తెస్త, కూసో అక్కా" అన్నాడు. కూర్చున్నాను.

ఐదయింది. గీత మాయమై దాని స్థానంలో ఒక వాక్యం వచ్చింది. మొత్తం నిండలేదు, ఎవరి నాణేలు వాళ్లకు తిరిగి పంపబడుతున్నాయి. మిగిలిపోయిన తెలుపు ఎంతంటే, తెర మీద నా చిటికెన వేలు పెడితే కనబడకుండా పోయేది.

మేమిద్దరం ఇంకా తెర వైపే చూస్తుంటే మావాడే అన్నాడు.

"ఎవ్వల పైసలు ఎవ్వలకు పోలే. నష్టమేం కాలే గద. చాయ్ తాగుదాం పా."

చాయ్ తాగాం. నన్ను బస్టాండ్ దాకా దింపాడు. బస్సులో కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టి, బస్సు కదిలేదాకా కింద నిలబడ్డాడు.

నెలన్నర తరువాత, వాడు ఏదైతే జరుగుతుందని చెబుతూ వచ్చాడో అదే జరిగింది. ఎవరో, ఎక్కడివాళ్లో ఇప్పటికీ తెలియదు, కొన్ని గంటల కోసం బోలెడన్ని కంప్యూటర్లు కిరాయికి తీసుకుని, ఆ నెట్‌వర్క్ పుస్తకంలో సగం రోజు లెక్కను చెరిపి తమకు కావలసినట్టు రాసుకున్నారు. ఒకసారి ఖర్చుపెట్టిన నాణేలను మళ్లీ ఖర్చుపెట్టారు. ఆ నాణేలను కొని అమ్మే చోట్లన్నీ మరునాటికే తలుపులు మూసేశాయి. ఎవరూ కొననప్పుడు వాటికి ధర ఎక్కడిది. వారంలో అంతా అయిపోయింది.

మావాడు నలభై మందికీ తానే ఫోన్ చేసి చెప్పాడు. కొందరు తిట్టారు. చాలామంది సరేలే అన్నారు, వాళ్లు పెట్టింది తక్కువే. మా వాడకట్టులోనే సాంచాలు నడిపే ఒకాయన మాత్రం కూతురి చదువుకని దాచినదాంట్లో కొంత అందులో ఉంచాడు. మావాడు వద్దన్నా వినకుండా ఉంచాడు. ఆయన ఒక పొద్దున మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అవ్వ నీళ్లిస్తే తాగాడు. మావాడు మేడ దిగి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన కోప్పడలేదు, డబ్బు మాట ఎత్తలేదు. కాసేపుండి, "పోయొస్త బిడ్డా" అని లేచి వెళ్లాడు.

"ఎందుకొచ్చినట్టు?" అని అవ్వ అడిగింది.

"ఊకెనే" అన్నాడట మావాడు.

ఆ మధ్యాహ్నమే మేడ మీద కంప్యూటర్లు ఆపేశాడు. వాటిని విడదీసి భాగాలు అమ్మాడు. దుకాణంలో తన వాటా స్నేహితుడికే అమ్మేశాడు. వచ్చిందాంతో ఆ సాంచాలాయన పోగొట్టుకున్నది తీర్చాడు. తీర్చాల్సిన బాకీ కాదది. ఆయన వద్దన్నాడు, అయినా ఇంట్లో పెట్టి వచ్చాడు. తరువాత ఆదిలాబాద్‌లో ఒక పత్తి మిల్లులో, బండ్లు తూకం వేసే కాంటా దగ్గర కంప్యూటర్ మీద కూర్చునే పని దొరికితే వెళ్లిపోయాడు. నాకు వెళ్లాక చెప్పాడు.

"గంత దూరం ఎందుకురా" అన్నాను.

"పని మంచిగనే ఉన్నదక్కా" అన్నాడు.

నేను ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మా ఆయనకు చెబితే, నువ్వొక్కదానివి పెడితే ఆగేదా అంటాడు. అది నిజం కూడా. కానీ ఆ మాట విని ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. చివరికి ఒకరోజు సెలవు పెట్టి కరీంనగర్ వెళ్లి, దుకాణంలో ఒక్కడే ఉన్న స్నేహితుడికి చెప్పాను. పెట్టానని చెప్పాను గానీ పెట్టలేదు తమ్మీ అన్నాను.

అతను చేతిలోని స్క్రూడ్రైవర్‌ను బల్ల మీద పెట్టాడు.

"నేను గూడ అక్కా" అన్నాడు. "మొదలు మొత్తం పెట్టిన. ఆఖరి వారంల రేటు పెరుగుతుంటే సగం వాపస్ తీసుకున్న. ఇంట్ల చెల్లె పెండ్లి చెయ్యాల్సి ఉండె. మల్ల పెడ్తలే అనుకున్న. ఆ దినం ఫోన్లు చేసుకుంట అందర్ని బతిమిలాడిన సూడు, నా సగం నా జేబుల్నే ఉండె."

"వానికి చెప్పినవా?"

"ఏ మొకం పెట్టుకోని చెప్త?"

మా ఇద్దరి వంతులూ కలిస్తే ఆ తెల్లగీత నిండేదా. ఆ రోజు గీత ఎంత తక్కువ పడిందో ఎక్కడో రాసే ఉంటుంది. నా వంతు నాకు తెలుసు, అతని సగం అతనికి తెలుసు. రెండు నిమిషాల పని. అతనూ లెక్క వేయలేదు, నేనూ వేయలేదు. నేను లెక్కల టీచర్ని. వేయలేదు.

ఆదిలాబాద్ వెళ్లింది ఆ తరువాతి చలికాలంలో. పత్తి వచ్చే రోజులు. మిల్లు గేటు బయట దాకా బండ్లు బారులు తీరి ఉన్నాయి. పత్తి తెచ్చిన రైతులు కొందరు మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడుతున్నారు. కాంటా గదిలో తమ్ముడు చెవుల మీదుగా మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు. కనురెప్పల మీద పత్తి నూగు ఉంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ నాకిచ్చాడు. సన్నబడ్డాడు.

మధ్యాహ్నం గది తలుపు దగ్గరికి వేసి, నేను తెచ్చిన జొన్నరొట్టె, వంకాయకూర తిన్నాం. చేతులు కడుక్కున్నాక చెప్పాను. దారి పొడవునా మాటలు సిద్ధం చేసుకున్నాను గానీ ఒక్కటీ గుర్తు రాలేదు.

"తమ్మీ, నేను పెట్టలేదురా ఆ రోజు. పెట్టిన అని అబద్ధమాడిన."

వాడు కండువాతో చేతులు తుడుచుకుంటూ, "నాకు ఎర్కేనక్కా" అన్నాడు.

"ఎట్ల ఎర్క?"

"నీ ఖాతా నేనే చేసిచ్చిన గద. అండ్లకెల్లి ఏది గదిలినా పుస్తకంల కనవడ్తది. అందరిది అందరికి కనవడ్తది. నువ్వు పెట్టిన అన్న పొద్దే చూసిన. నువ్వు ఫోన్ల ఉండంగనే చూసిన."

ఫోన్‌లో అటువైపు కాసేపు ఏమీ వినబడకపోవడం నాకు గుర్తొచ్చింది.

"నీ దోస్తుది?"

"వాడు తీసుకున్నది గూడ చూసిన."

"మరి అడుగకపోతివి ఎందుకురా? ఒక్క మాట అంటే పెట్టకపోదునా?"

"పెడ్తువు" అన్నాడు. "ఎర్కే. గని నువ్వు పెట్టిన అన్నవ్. మల్ల ఎట్ల అడుగుదు? నువ్వు అబద్ధమాడినవక్కా అని మొకం మీద అన్నట్టైతది. నాతోని కాలే."

"గా నెట్‌వర్క్ కంటే నా మొకం ఎక్కువైందా నీకు?"

వాడు కిటికీలోంచి చూసి, బయట హారన్ కొడుతున్న బండికి ముందుకు రమ్మని చేత్తో సైగ చేశాడు. బండి కాంటా ఎక్కింది. అంకె రాసుకున్నాడు, చీటీ చింపి ఇచ్చాడు. అది దిగి వెళ్లాక నా వైపు తిరిగాడు.

"కోపం లేదక్కా నీ మీద. నిజంగ లేదు. ఉంటే మంచిగుండు అనిపిస్తది ఒక్కోసారి, కోపమైతే పోతది. గిది పోతలేదు."

"ఏది?"

"మొన్న అవ్వకు షుగర్ గోలీలు కొనిచ్చిన అని ఫోన్ల చెప్పినవ్ యాదున్నదా? నువ్వు ఫోన్ పెట్టంగనే అవ్వకు ఫోన్ చేసి అడిగిన, అక్క గోలీలు తెచ్చిందా అని. తెచ్చింది అన్నది. మంచిగనే తెచ్చినవ్ నువ్వు." మఫ్లర్ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "ఇంతకుముందు నువ్వు ఏదన్నా చెప్పినవంటే మల్ల చూసుకునేటోణ్ణి కాదక్కా. ఇప్పుడు చూసుకుంట. చూసుకోవద్దు అనుకుంట, గని చెయ్యి ఫోన్ మీదికే వోతది."

నేను ఏడ్చాను. వాడు ఏడవలేదు. నీళ్ల బాటిల్ మూత తీసి నా చేతికిచ్చి, బండి డ్రైవర్లు చూస్తారని తలుపు పూర్తిగా మూశాడు. నన్ను నొప్పించాలని వాడు ఆ మాట అనలేదు. అడిగాను కాబట్టి ఉన్నది చెప్పాడు. నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

సాయంత్రం మంచిర్యాల బస్సెక్కించాడు. ఇంటికి చేరాక ఫోన్ చేయమన్నాడు. చేశాను.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. తమ్ముడు ఇప్పుడూ ఆదిలాబాద్‌లోనే ఉన్నాడు. అవ్వను కూడా అక్కడికే తీసుకుపోయాడు. స్నేహితుడు చెల్లెలి పెళ్లికి పిలిస్తే వెళ్లి, పొద్దంతా వడ్డనలో నిలబడి పనిచేసి వచ్చాడు. అతను చెప్పాల్సింది చెప్పాడో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు. తమ్ముడు మా ఇంటికి పండగకో పబ్బానికో వస్తాడు. పెట్టింది తింటాడు, పిల్లలతో మాట్లాడతాడు, వెళ్లేటప్పుడు నాతో చెప్పి వెళతాడు. ఎవరైనా చూస్తే మామూలు అక్కాతమ్ముళ్లమే.

అవ్వ ఖర్చుల్లో నా వంతు నేను నెలనెలా పంపుతాను. డబ్బు వెళ్లినట్టు ఫోన్‌లో వచ్చే రసీదును ఫొటో తీసి తమ్ముడికి కూడా పంపుతాను. అవ్వకు ఏదైనా కొన్నా, ఎవరితోనైనా మాట్లాడతానని చెప్పి మాట్లాడినా, దానికీ ఏదో ఒక ఆనవాలు పంపుతాను. వాడు అడగడు. ఎందుకక్కా ఇవన్నీ, వద్దు అనడు కూడా. చూసినట్టు రెండు నీలిగీతలు వస్తాయి. ఆ తరువాత కాసేపటికి, సరే అక్కా అని రాస్తాడు.